చెవి

భావనపాడులో బోట్లకు మాట్లు వేసే షెడ్డు.
ఈ వేసవికి అందులో ఒక విమానం,
రెక్కలింకా అతకలేదు.

సూరాడ దానేసు బ్రష్షు గిన్నెలో ముంచి ఆగాడు:
"రాగి పట్టీ లోపలెట్టి మూసేత్తే
ఏటి ఇంటాది బాబూ అది?"

జేబు రేడియో తీసి గాజునార డొప్పలో పెట్టి మూశాను.
బజారు ధరలు చదువుతూనే ఉంది.
నల్లటి కార్బన్ డొప్పలోకి మార్చాను.
ఉల్లిపాయల దగ్గర గొంతు పూడుకుపోయింది.

అతనింక అడగలేదు.
చుక్కాని లాగే ఉక్కు తీగకు దూరంగా
జానెడు, ఇంకో జానెడు జరిపి
తోక దగ్గర విప్పిన కత్తెరలా రెండు పట్టీలు అతికాడు.
బుడగ మిగలకుండా బొటనవేలితో నొక్కుకుంటూ పోయాడు,
వలకన్ను బిగించేటప్పటి నిదానంతో.
ఆపైన గుడ్డ, రెసిన్, తెల్ల రంగు.
ఎక్కడుందో ఇప్పుడు మా ఇద్దరికే తెలుసు.

సాయంత్రం బ్యాటరీ తగిలించి
విశాఖ అంకెలు తిప్పాను.
ముల్లు కదల్లేదు. ఎర్ర జెండా అలాగే ఉంది.
మూడోసారి కేబుల్ పీకబోతుంటే
దానేసు నా చెయ్యి పట్టుకున్నాడు:

"దిబ్బెనకాల కూకుంటే
లైటౌసు మాత్రం అవుపడతాదేటి?
నెగనీ ముందు."