తాబేలు వంతు

అక్రాలో, కోర్లే మడుగు సముద్రంలో కలిసేచోటికి
కేక వినబడేంత దూరంలో మా బడి.
వానొస్తే కాలువ మా గడపదాకా వస్తుంది,
నీళ్ళకంటే ముందు నీళ్ళ ప్యాకెట్లు.
మూల కొరికి, పీల్చి, పారేసినవి.
దాహానికొకటి.

పోయిన వారం బోర్డు మీద "ప్లాస్టిక్" అని రాసి
గంటసేపు చెప్పాను.
గొంతెండిపోయి
పిల్లల ముందే ఒక ప్యాకెట్ కొరికి తాగాను.
వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

అందుకే ఈ శుక్రవారం సుద్దముక్క ముట్టుకోలేదు.
ఒక బేసిను నిండా ఉప్పునీళ్ళు, ఒక తలగుడ్డ.
కర్రపెండలం గంజి గడ్డకట్టించి
పలచగా కోసి వేశాను, అవి జెల్లీచేపలు.
చిరిగిన కవర్లూ వేశాను, అవి కవర్లే.

పంటలేశాం. మొదటి తాబేలు డెడే.
కళ్ళకి గంతలు కట్టాక
దాని ఆకలంతా వేళ్ళలోకి దిగింది.
మెత్తగా ఉంది, జారుతోంది, ఊగుతోంది...
"తినేశా!" అని పైకెత్తింది.
రొట్టె కవరు.
"చచ్చింది! చచ్చింది!" క్లాసంతా గంతులు.

పదకొండు తాబేళ్ళు ఆడాయి, తొమ్మిది చచ్చాయి.
గచ్చు మీద వరసగా వెల్లకిలా పడుకుని
చచ్చినవాళ్ళు కాళ్ళు కొట్టుకుంటున్నారు.
నవ్వాపుకోలేక లేచి
లాంప్టే రెండుసార్లు చచ్చాడు.

"మేడమ్ వంతు!"
తడి తలగుడ్డ, పిల్లల చెమట వాసన.
పుట్టి బుద్ధెరిగాక ఎన్ని వేల కవర్ల ముడులు విప్పాయో ఈ వేళ్ళు,
వాటికి తెలియకపోతుందా అనుకున్నాను.

నేనూ పడుకున్నాను గచ్చు మీద.
పక్క శవం కోర్కోర్ చెవిలో అడిగింది,
"నిజం తాబేలుకి ఎవరు చెప్తారు మేడమ్,
నువ్వు ఔటని?"
చచ్చి ఉన్నాను కదా,
జవాబు చెప్పలేదు.

రెండో ఆట తేలికనుకున్నాను. మూడు బుట్టలు.
నీళ్ళ ప్యాకెట్లు ఒకదాంట్లోకి,
సందు చివర కుట్టుమిషను ఆవిడ సంచులు కుడుతుంది.
సీసాలు ఇంకోదాంట్లోకి,
కాటా అబ్బాయి కిలోల లెక్కన కొంటాడు.
ఎవరికీ పనికిరానివి మూడోదాంట్లోకి.
ఈల వేశాను. పరుగులు, తోపులాట, ఒక మోచెయ్యి గీరుకుంది.

ఓకై ఒక్కడే కదల్లేదు.
వాడి చంకలో బంతి.
కవరులో కవరు, దాని మీద కవరు,
పైన వలతాడు చుట్టి బిగించింది.
"ఇదెందులో వెయ్యాలి మేడమ్?"
"చెత్తతోనేగా చేశావు, చెత్తే" అన్నాడు లాంప్టే.
"నిన్న దీంతోనే గోలు కొట్టావు కదరా!"
"ఆడినంతసేపూ కాదు."
"మరి ఆట ఆగితే?"
పోట్లాట నా దాకా వచ్చింది.
మూడు బుట్టలూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి.
గంట కొట్టారు, బతికిపోయాను.

సాయంత్రం ఆ బంతే
గోడ దాటి కాలువలో పడింది.
ఓకై గట్టున బోర్లా పడుకుని
బడి చీపురు చాపాడు. అందలేదు.
ఇద్దరు వాడి కాళ్ళు పట్టుకున్నారు.
"పోనీరా, రేపు ఇంకోటి చుట్టుకుందువు" అన్నాను.
అన్నది నేనే.

తల తిప్పి
బోర్డు మీద తప్పు లెక్కని చూసినట్టు చూశాడు నన్ను.
"తినేస్తుంది మేడమ్" అని
ఇంకాస్త ముందుకి జరిగాడు.

ఎవరని నేను అడగలేదు.
ఒక కాలు నేనూ పట్టుకున్నాను.