గీత వరకే

చెప్పులు ఇక్కడే వదిలేయండి.
పడవకి ఇసుకంటే పడదు, నాకంటే చాదస్తం దానికి.
నా పేరు రనెల్. స్టీన్‌హాచీ నది నోట్లో పుట్టాను,
ఇంకా దాని నోట్లోనే నానుతున్నాను.

అద్దంలో ఉమ్మి, వేలితో రాసి, కడగండి.
మొహం చిట్లించకండి, ఎవరి ఉమ్మి వాళ్ళదే.
గొట్టాన్ని పళ్ళతో పట్టుకోండి, కొరక్కండి.
ఎర్ర జెండా ఎగరేశాను, అడ్డంగా తెల్ల చార:
కింద మనుషులున్నారని పై పడవలకి చెప్పడానికి.
కింద ఇంకా ఎవరున్నారో మనకి చెప్పే జెండా లేదు.

దిగగానే గడ్డి తప్ప ఏమీ కనపడదు.
ఆరడుగుల లోతున మైళ్ళకొద్దీ గడ్డి,
ఎవరో దువ్వుతున్నట్టు ఒక వైపుకి వాలి
పాపిడి నచ్చక మళ్ళీ రెండో వైపుకి.
"ఇక్కడేం లేవు కెప్టెన్" అని తలెత్తి అరుస్తారు
ప్రతి జూలైలో, ప్రతి పడవలో, మొదటి పావుగంటలో ఒకరు.
వెతక్కండి.
కాళ్ళూ చేతులూ వదిలేసి శవంలా తేలండి
(మా నాన్న మాట. డబ్బులిచ్చి వచ్చినవాళ్ళతో
అలా అనకూడదంటాడు మా ఆయన).
కాసేపటికి గడ్డి మొదట్లో ఒక నీలి మెరుపు:
ఆవగింజంత కళ్ళు, ముప్పయ్యో నలభయ్యో,
చిప్ప పెదవి పొడుగునా గుచ్చిన దండ.
మీరు స్కాలప్‌ని చూశాననుకుంటారు.
ముందు చూసింది అదే.

చెయ్యి వెనకనుంచి పెట్టండి. లేదంటే
చిప్పలు టపటపా కొట్టుకుంటూ పారిపోతుంది,
కట్టుడుపళ్ళు ఊడి పరుగు తీసినట్టు.
నవ్వితే గొట్టంలోకి నీళ్ళొస్తాయి.
నవ్వుతారు, నాకు తెలుసు.

*

యూడోరా పిక్రెన్ గారు దిగలేదు.
డెబ్బై నాలుగేళ్ళు. నలభై మైళ్ళ అవతల పెర్రీలో
కలప మిల్లుకి లెక్కలు రాసి రాసి
ఈ నీళ్ళలో మోకాళ్ళపైకి ఎప్పుడూ తడవని మనిషి.
"మంచినీళ్ళ సీసాలకి కాపలా ఉంటాలే" అంది.
సరే అన్నాను. బలవంతం చేస్తే మునిగేది నమ్మకమే.

పోటు ఆగి, నీళ్ళు ఎటూ కాని వేళ
నిచ్చెన ఆఖరి మెట్టు మీద కూర్చుని
కడ్డీని ఒక చేత్తో బిగించి
మొహం ఒక్కటే ముంచింది,
పొయ్యి మీద పాలు పొంగుతున్నాయా అని వంగినట్టు.
ఎంతకీ లేవలేదు.
టోపీ కొట్టుకుపోయింది. మెడ ఎర్రబడుతోంది.
నేను గొట్టం దగ్గర చెవి పెట్టి వింటున్నాను,
వస్తోంది, పోతోంది.

లేచింది. మొహం చుట్టూ అద్దం అచ్చు.
"ఒకటి నా కాలి కిందే ఉంది" అంది.
"వదిలేద్దామా?"
"ఎందుకు వదలడం? నేనూ డబ్బులు కట్టాను."

*

బకెట్ లోపలి నల్లగీత నేను గీసిందే.
మనవడు కోల్బీ గీత మీద ఇంకో దోసెడు పోశాడు.
తీసి గడ్డిలోకి విసిరాను.
"కింద వేలున్నాయి కదా!"
ఉన్నాయి.
తుఫాను మర్నాటి ఏడు ఇదే చోట
పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈది ఒక్కటి తెచ్చాను.
ఖాళీ బకెట్‌లో దాని చప్పుడు
తలుపు తీయమని కొడుతున్నట్టే ఉంది.
వచ్చినవాళ్ళకి డబ్బు తిరిగిచ్చాను,
నీళ్ళకి దాన్ని.
ఏడాదే వీటి ఆయుష్షు, కోల్బీ.
వచ్చే ఏటివి ఇంకా వీటి కడుపులోనే ఉన్నాయి.

రేవులో చెంచాలు పంచాను.
నల్లటిదంతా గీకి పారేస్తే మిగిలేది
బొటనవేలి గోరంత తెల్లటి కండ.
పెలికాన్లు మా మోచేతుల్నే చూస్తున్నాయి.
పిక్రెన్ గారికి పది చిప్పల్లోనే చెయ్యి తిరిగింది,
పెదాలు కదుపుతూ లెక్క కూడా.
"నూట పదకొండు" అంది.
"అందులో నీది ఏది నానమ్మా?"
"లెక్కలో కలిసిపోయిందిరా" అంటూ
మెడ మీద కమిలిన చోట
ఐసుముక్క పెట్టుకుంది.

టోపీ దొరకలేదు.