ఆరో గడి

సూర్‌లో, చెక్క పడవలు కట్టే రేవు వెనక,
పిల్లల ఆసుపత్రిలో ఆయాని నేను.
పదకొండేళ్లుగా రాత్రి డ్యూటీ.

ఆ రాత్రి తెచ్చిన బిడ్డకి పద్నాలుగు రోజులు.
పసుపు నీళ్లలో జాడించి తీసినట్టున్నాడు.
పొత్తిగుడ్డ విప్పితే
బొడ్డు చుట్టూ నాలుగు మచ్చలు,
అంచులు ఇంకా తడిగా.

"వసమ్" అంది జువైనా సిస్టరు, గొంతు తగ్గించి.
"వాత" అన్నాను నేను, నరసాపురం మాటలో.
సముద్రానికి ఆ గట్టునా ఈ గట్టునా
ఒకటే ఇనుము.
నా చెయ్యి యూనిఫాం మీంచే
నా బొడ్డు దగ్గరికి పోయింది.
నాకూ నాలుగే.
పుట్టుమచ్చలనుకునే కాపురానికి వెళ్లాను.

రిజిస్టరులో సర్కారు గీసినవి ఐదు గళ్లు:
పేరు, వయసు, ఊరు, జబ్బు, మందు.
జువైనా స్కేలు పెట్టి ఆరోది గీసింది:
"కాల్చింది ఎవరు?"

రెండు నెలలు ఆ గడిలో అక్షరం పడలేదు.
మూడో నెలకి పిల్లలే రావడం మానేశారు.
వాతలు ఆగి కాదు.
మా ప్రశ్న మాకంటే ముందు
ఇళ్లకి చేరి తలుపులు వేసింది.

ఎర్ర ఇంకుతో దాన్ని కొట్టేసి
జువైనా పైన ఇరికించి రాసింది:
"ముందుగా కనిపెట్టింది ఎవరు?"

దానికి చెప్పారు.
మేనత్త. చేపల బండి తోలే తాత.
ఒక పేరు మాత్రం మళ్లీ మళ్లీ వచ్చింది,
రాయా బింత్ ముబారక్.

శుక్రవారం వెళ్లాం.
ఖర్జూరాలు పెట్టింది, ఏలకుల ఖహ్వా పోసింది,
మూడో గిన్నె తాగేదాకా ఎందుకొచ్చారని అడగలేదు.
తర్వాత తనే లేచి ఆ ఇనుము తెచ్చి చూపించింది.
పడవ మేకు.
చచ్చిపోయిన మొగుడి సంచిలోది.

జువైనా తిట్టలేదు. కాగితం తీసింది.
"అమ్మా, ఏం చూసి తెలుసుకుంటావు?"

పొద్దున్న కిటికీ దగ్గరే చూడాలి,
దీపం వెలుగు అబద్ధమాడుతుంది.
ముక్కు మీద వేలితో నొక్కి వదలాలి.
పసుపు ముందు కళ్లలోకి దిగుతుంది, చివరికి అరికాళ్లకి.
ఏడ్చే బిడ్డకి భయం లేదు,
పాలు మరిచి నిద్రపోయే బిడ్డకే భయం.

జువైనా కలం ఆగలేదు.
ఆమె నాలుగేళ్లు మస్కట్‌లో చదివింది ఇదే.

"తర్వాత?"
"తర్వాత మేకు."

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.
వీధిలో పిల్లాడెవడో సైకిలు బెల్లు
పనిలేకుండా కొడుతున్నాడు.
"మేకు తర్వాత బతకనివాళ్లు
మీ పుస్తకంలో ఉన్నారా?" అంది ముసలామె.
జువైనా చదివింది, ఒక పేరు, ఇంకో పేరు.
"మూడోది చదవకు," అంది రాయా,
"అది మా ఇంటి పిల్లే."

మేకు మాకివ్వలేదు.
గుడ్డలో చుట్టి మళ్లీ సంచిలో పెట్టుకుంది.
కానీ ఆ నెలలో ముగ్గురు పసివాళ్లు
ఏ మచ్చా లేకుండా మా నీలం దీపం కిందికి వచ్చారు,
ఆరో గడిలో ఆమె పేరు మోసుకుని.
నాలుగోవాడు మచ్చలతోనే వచ్చాడు.
అవి తనవి కాదని కబురు పంపింది.
నమ్మాం. నమ్మక ఏం చేస్తాం?

నిన్న తెల్లవారుజామున
మందుల గది మెట్ల మీద కూర్చుని
మా పెద్దత్త వీరాయమ్మకి ఫోన్లో మాట రికార్డు చేశాను.
"నా పొట్ట మీద..." అని మొదలెట్టి, చెరిపేశాను.
మళ్లీ మొదలెట్టాను:
"అత్తా, చంటిబిడ్డకి కామెర్లని
నువ్వెలా కనిపెడతావు?"

అక్కడ గంటన్నర ముందే తెల్లారుతుంది.
డ్యూటీ దిగేలోపు జవాబొచ్చింది,
ఏడు నిమిషాల పొడుగు,
వెనకాల కోళ్లు, ఎవరో బిందె దించిన చప్పుడు.

రిజిస్టరు దగ్గరికి లాక్కుని
పెన్ను మూత తీశాను.