మూతి విరుపు

ఏప్రిల్‌లో, రేవు వాలు దిగుతుంటే
నా కాలి కింద బ్రేకు పెడల్ మునిగిపోయింది,
బురదలో పాదం దిగినట్టు, మెత్తగా, చప్పుడు లేకుండా.
పీతల బుట్టలు గుట్టగా పేర్చి ఉండబట్టి బతికాను.
ట్రక్కు వాటిలోకి ముక్కు పెట్టి ఆగింది.
ఆ బుట్టల ఆసామి లూక్ కీపింగ్
ఇప్పటికీ నన్ను పలకరించడు.

న్యూఫౌండ్‌లాండ్‌లో చలికాలం పొడుగునా
రోడ్ల మీద ఉప్పు చల్లుతారు,
మేం చేపల మీద చల్లినట్టే, చెయ్యి వెనక్కి తీయకుండా.
ఉప్పుకి చేప నిలవుంటుంది. ఇనుము ఉండదు.
కింద దూరి బ్రేకు గొట్టాన్ని గోటితో గీకితే
పెచ్చులు పెచ్చులుగా నా కళ్ళలో రాలింది.

మెకానిక్ చెప్పిన కూలి ట్రక్కు ఖరీదు కంటే ఎక్కువ.
ముప్పై ఏళ్ళు చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టినదాన్ని,
ఓ గొట్టం కోయలేనా?

"కోయడం కాదు ఊనా," అన్నాడు హెడ్లీ స్నూక్,
కొట్టు బల్ల మీద మోచేతులు ఆనించి.
"దాని మూతి విప్పడం."
మూడు పనిముట్లు తెచ్చి వరసగా పెట్టాడు.

మొదటిది ఎర్ర ప్లాస్టిక్ డబ్బాలో. అగ్గువ.
చిల్లుల ఇనప బద్ద, పైన ఒక మర.
దీన్ని నేనెరుగుదును, మా అన్న గార్ఫీల్డ్ దగ్గర ఉండేది.
బద్దలో గొట్టం జారేది. మర తిప్పేకొద్దీ
మూతి ఓ పక్కకి విరిగేది,
పెళ్ళిలో పలకరించలేదని అలిగిన మేనత్తలా.
ఆ విరుపులోంచి బొట్టుబొట్టుగా కారిన ఆయిలు
వాడి గరాజు నేల రంగు తినేసింది.
ఇల్లు అమ్మేశాడు, మచ్చ మాత్రం అక్కడే ఉంది.

రెండోది హైడ్రాలిక్. ఉక్కు పెట్టె,
గుంటల్లో పడుకున్న అచ్చులు, సైజుకొకటి.
హెడ్లీ మూత తెరిచిన తీరు చూసి
ఉంగరం తొడుగుతాడేమో అని భయపడ్డాను.
ధర విని మూత నేనే మూశాను.

మూడోది బెంచి వైస్‌లో బిగించేది. పొడుగు పిడి, మొండి బరువు.
"ఇది ట్రక్కు కింద పనికిరాదు," అన్నాడు, దాచకుండా.
"నా నడుమూ పనికిరాదు.
గొట్టం మొత్తం ఊడదీసి బల్ల మీదే చేస్తాను."

"రెండు మడతలా, బుడగా?"
జేబులోంచి పాత ముక్క తీశాను.
కళ్ళద్దాలు మార్చుకుని ఇద్దరం చూశాం:
లోపలికొక మడత, దాని మీద ఇంకోటి,
కోటు అంచు కుట్టినట్టు.
ఒక్క మడతైతే చాలదా అన్నాను.
హెడ్లీ జవాబు చెప్పలేదు. బల్ల తుడిచాడు.

నేను చేపని మొప్ప ఎత్తి చూడకుండా కొనను.
చేసి చూపించమన్నాను.
రాగీ నికెలూ కలిసిన గొట్టం ముక్క మీద
ఒకసారి లాగాడు, అచ్చు తిప్పి మళ్ళీ లాగాడు.
చిటికెన వేలు పెట్టి చుట్టూ తడిమాను.
ఎక్కడా గీత తగల్లేదు.
నెలకింతని రాసుకోమన్నాను.

ఇంటి దగ్గర కోశాను. లోపలి గరుకు గీకాను. ఊదాను.
లాగాను. తిప్పాను. లాగాను.
హెడ్లీ చేసిన దానికంటే గుండ్రంగా వచ్చింది!
వెర్నాని కేకేసి చూపించాను.
"నట్టేదీ?" అంది వెర్నా.

నట్టు బల్ల చివర కూర్చుని ఉంది.
మూతి విచ్చుకున్నాక అది ఎక్కదు,
ఏ దేవుడు తోసినా ఎక్కదు.

మళ్ళీ కోశాను.

సాయంత్రం దాకా వెర్నా తొక్కింది.
"తొక్కు. పట్టు. వదలకు, వదలకన్నానా!"
సీసాలో బుడగలు ఆగేసరికి
మా ఇద్దరికీ మాటల్లేవు.

పొద్దున్నే రేవు వాలు దిగాను.
కాలి కింద పెడల్ రాయిలా నిలబడింది.
లూక్ కీపింగ్ బుట్టల ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.
వాడికి రెండు గజాల ఇవతల ఆపి
హారన్ కొట్టాను.

ఆ మొదటి ముక్క వంటింటి కిటికీలో ఉంది.
అంత మంచి మూతి
మళ్ళీ నాకు రాలేదు.