పలుచన

మా దేవరకొండల జర్మన్ వెండి అంటే
వెండి కాదని చిన్న పోరగానికి కూడ ఎరుక.
లగ్గాలకు కిరాయికి తెచ్చే పళ్ళాలు,
చింతపులుసు తగిలితే నల్లబడే సరుకు.

అందుకే జైనబ్బీ కొంగుముడి విప్పి
"జర్మనీది భిక్షమాచారీ, అసలు వెండి" అన్నప్పుడు
ముందు నవ్విన.
గీటురాయి మీద గీసి
తేజాబు చుక్క ఏసినంక
నవ్వు ఆగింది.

చెంచా ఎనుక నెలవంక,
పక్కన చిన్న కిరీటం, ఎనిమిది వందల అంకె.
కాడ మీద రెక్కలు చాపిన గద్ద,
గద్దకు అటొక అక్షరం, ఇటొక అక్షరం.

ఆమె తాత మిలిటరీల లారీ తోలెటోడు.
ఇటలీల కూలిన బంగళా వంటింట్ల
బూడిదల దొరికిందట.
గద్దను చూసి పారేద్దామనుకొని,
తిప్పి నెలవంకను చూసి
మనోళ్ళదే అని జేబుల ఏసుకున్నడట.
ఆ ఇంట్ల పుట్టిన పదకొండుమందికి
తొలి తేనెచుక్క దీంతోనే.
ఇప్పుడు బోరు ఎత్తిపోయింది,
బత్తాయి చెట్లు ఆకు ముడుస్తున్నయి.

సికింద్రాబాదు కృపాదానం గారికి ఫోను చేసిన.
ఆయన ఇసొంటియే ఏరుతడు:
ఆ యుద్ధం నడిపిన పెద్దల బల్లల మీది
ముళ్ళ చెంచాలు, కత్తులు, ఉప్పు గిన్నెలు.
పొద్దటి బస్సుకు దిగి
తెల్ల చేతితొడుగులు తొడిగిండు.
"ఎవరిదో తేలితే లక్షలు. తేలకపోతే తులం లెక్క."

మూడు నోటుబుక్కులు తిరగేసిండు.
ఆ రెండు అక్షరాలకు సరిపోయే
ఒక నోటి కోసం వెతికిండు.
ఆ నోరు దీంతో ఏం తాగిందో,
తాగి తుడుచుకొని ఎవరి మీద ఏం హుకుం ఏసిందో
నోటుబుక్కుల లేదు.

నేను బొటనేలుతో చూస్తున్న.
అది మా నాయన నేర్పిన చూపు.
గడీల పళ్ళాల మీద దొర పేరు చెక్కింది ఆయనే.
కూలి అడిగితే పొద్దుగూకేదాక
ఎండల నిలబెట్టిండ్రు.
సంఘపోళ్ళు గడీ మీద పడ్డ రాత్రి
అవే పళ్ళాలు గోనెసంచిల తెచ్చి కుమ్మరించిండ్రు.
"పేరు తీసెయ్ ఆచారీ."
తెల్లారేదాక ఆకురాయి పట్టిండు.
దొర పొడి పొడి అయి
ఆయన మోకాళ్ళ మీద రాలిండు.
"పేరు పోతది కొడుకా, పలుచన పోదు" అనేటోడు.

ఆ పలుచన ఇక్కడ తగిలింది.
సరిగ్గ గద్ద కింద.
కాడ అంతట మందం,
అక్కడ మాత్రం చింతగింజంత లోతు.
లైటు వాలుగ పట్టి చూస్తే
ఆకురాయి అడ్డగీతలు,
గీతల కింద ఇంకో అక్షరం తోక.

"సారూ, గద్ద తర్వాత వచ్చింది.
దీనికి ముందు ఇంకో ఇల్లున్నది."

ఆయన భూతద్దం దించిండు.
చాలాసేపు చూసిండు. మంచిమనిషే.
"దానికి రేటు లేదు" అన్నడు.

"ఎవలదట?" అన్నది జైనబ్బీ.
"ఎవలో. మనం స్టీలు గిన్నెల మీద కొట్టించుకోమా,
అట్ల కొట్టించుకున్నోళ్ళు."

"అయితే గద్దను గీకెయ్."
"గీకితే బొక్క పడతదమ్మా.
ఒక్కసారి గీకిన జాగ అది."

ఆమె చెంచాను అరచేతుల పెట్టుకొని
తూకం చూసినట్టు రెండుసార్లు ఎగరేసింది.
అమ్మనన్నది.
కుదువ పెడతనన్నది, బత్తాయి కాపు దాక.

ఖాతాబుక్కు తీసిన.
వస్తువు: చెంచా ఒకటి. వెండి.
ఎవరిది అన్న గడిల
ఒక వరుస ఖాళీ ఇడిచి
దాని కింద జైనబ్బీ అని రాసిన.

కృపాదానం గారు తొడుగులు ఇప్పుతున్నడు.
ఎడమ చేతిది బొటనేలు కాడ ఇరుక్కున్నది.