దారం తూకం

డాక్టరు గారు మంచాయనే.
రాజమండ్రిలో ఆయన గది మరీ చల్లగా ఉంది,
మా అమ్మ కొంగు చెవుల మీదికి లాక్కుంది.
సువర్తమ్మా, వందలోంచి ఏడు తియ్యి, అన్నారు.
ఎందుకు తియ్యాలండి, అంది అమ్మ,
ఎవరికివ్వాలి?

ఆయన నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నారు.
చదువు? అని అడిగారు.
లేదండి, అన్నాను నేను.
ఉంది, అంది అమ్మ.

గడియారం గియ్యమన్నారు.
పెన్నుని లేసు సూదిలా పట్టుకుంది,
నరసాపురంలో నలభై ఏళ్ళు పట్టుకున్నట్టే.
మా ఇంట్లో గడియారం ఎప్పుడూ లేదు.
సఖినేటిపల్లి పంటు కూత, చర్చి గంట,
సాయిబు గారి రొట్టెల సైకిలు,
వాటితోనే మా పొద్దు గడిచేది.
అమ్మ ఒక సున్నా చుట్టింది, దాన్లో ఇంకో సున్నా,
రెంటినీ కలుపుతూ చిన్న చిన్న గొలుసులు.
పన్నెండున్నాయో లేదో నేను లెక్కపెట్టలేదు.
ఆయన మార్కు వెయ్యలేదు.

కొత్త మందొచ్చిందన్నారు.
మెదడులో పేరుకున్న మడ్డిని తీసేస్తుందట,
పంటకాలవలో గుర్రపుడెక్క తీసినట్టు.
డెక్క తీసినంత మాత్రాన పోయిన నీళ్ళు రావమ్మా,
ఇంకా పూడకుండా ఆపుతుంది, అదీ కొన్నాళ్ళు.
నెలలు. ఏళ్ళని నేను చెప్పలేను.
పదిహేను రోజులకో సూది.
ముందు ఒక స్కాను, అది హైదరాబాదులో.
మెదడులో నెత్తురు చిమ్మలేదని చూసుకోడానికి
మళ్ళీ మళ్ళీ స్కాన్లు.
సూది లక్షకి కాస్త అటూ ఇటూ.
కార్డు మీద రాదా అండి, అన్నాను.
తల అడ్డంగా ఊపారు.

తిరుగు బస్సులో లెక్కేశాను.
భీమవరం షెడ్డులో రొయ్య వొలిస్తే కిలోకి పన్నెండు.
వేళ్ళు నాని చిట్లకపోతే రోజుకి పాతిక కిలోలు.
పాలకొల్లు దాటేసరికి తేలింది:
ఆదివారాలు కూడా పోయి
ఏడాదంతా వొలిస్తే ఒక సూది.
ఏడాదికి కావలసినవి ఇరవై ఆరు.

నేను వొలిచిన రొయ్య ఏ దేశం పోతుందో
అక్కడ కూడా లెక్కేస్తారట,
మనిషికి ఒక మంచి ఏడాది కొనాలంటే
సర్కారు ఎంతదాకా పెట్టొచ్చు అని.
కొన్నిచోట్ల వద్దనే తేల్చారట.

ఈ తూకం నాకు తెలుసు.
లేసు ఏజెంటు వీరభద్రం గారు
దారం కట్ట తూచి ఇచ్చేవారు,
కుట్టిన లేసు తూచి తీసుకునేవారు.
తులం తగ్గితే కూలిలో కోత.
చూపెంత పోయింది, బుడ్డి దీపం కింద ఎన్ని రాత్రులు,
అవి ఏ పళ్ళెంలోనూ పడలేదు.

మంచి ఏడాదంటే ఏదమ్మా, అని అడిగాను.
బస్సు దిగాక, రిక్షా ఎక్కాక చెప్పింది:
తుఫానేడు.
అందరం బళ్ళో పడుకున్నాం. ఎవరూ కుట్టలేదు.

మా పేట ఆశా వర్కరు రత్నకుమారి అంటుంది,
ఒక్క సూది డబ్బుతో కొన్ని నెలలు
ఒక గది, తలుపుకి గడియ, జీతానికి ఒక మనిషి,
పగటిపూట పదకొండు మందిని చూసుకోవచ్చు,
దారి మర్చిపోయి రేవులోకి దిగకుండా.
పదకొండు పేర్లూ వేళ్ళ మీద చెప్పింది.
నిజమే. ఆ గదికి మొదటి సంతకం నాదే.
కానీ రత్నకుమారీ,
పేదోళ్ళకి గది చాల్లే అని
సూది కొనగలిగినోళ్ళు అన్న రోజున
నా సంతకం చూపించకు.
మందు మంచిదే అయితే నాకూ కావాలి.

నిన్న రాత్రి షెడ్డు వ్యాను దిగొచ్చేసరికి
అమ్మ అరుగు మీద కూర్చునుంది.
ఒళ్ళో దారం లేదు, సూది లేదు,
వేళ్ళు మాత్రం ఆడుతున్నాయి.
నన్ను చూసి కొంగు సర్దుకుంది.
వీరభద్రం గారా, కూర్చోండి, అంది.
నలభై ఏళ్ళలో ఒక్కసారీ అనని మాట
అప్పుడంది, గొంతు పెంచి:
కట్టకి ఏడు రూపాయలు కలపకపోతే
ఈసారి కుట్టనండి.

రొయ్యల వాసన చేతులతో
నేను ఏజెంటునై నిలబడ్డాను.
కలుపుతానమ్మా, అన్నాను.

రాసివ్వండి, అంది.