నూట అరవై అక్షరాలు

గ్రిమ్స్‌బీ రేవు మీంచి చేపల వాసన
మా సర్జరీ కిటికీ దాకా వస్తుంది, లోపలికి రాదు.
కంప్యూటర్ ముందు నేను,
ఆయాసం మీద ఒక అధ్యయనం,
నాలుగు వందల పన్నెండు ఫోన్ నంబర్లు.

మెసేజీకి నూట అరవై అక్షరాలే.
"దయచేసి" తీసేశాను. "మీ వీలును బట్టి" తీసేశాను.
డాక్టరు గారి పేరు మాత్రం ఉంచాను,
అది లేకపోతే మోసమనుకుంటారు.
మొన్న ఎవరో పంపిన పార్సిలు మెసేజీ
ఎనిడ్ కత్‌బర్ట్ పింఛన్లో నలభై పౌండ్లు మింగేసింది.

పదింటికి మీట నొక్కాను.
ఊరంతా ఒక్కసారి జేబులు తడుముకున్నట్టయింది.

"ఎవరు నువ్వు?"
"నా మోకాలి సంగతేనా?"
"వద్దు."
ఒక బొటనవేలు బొమ్మ, దేనికి ఒప్పుకుందో తెలీదు.
తక్కినవాళ్ళంతా మౌనం.
మౌనానిక్కూడా మా పట్టికలో ఒక గడి ఉంది.

రాత్రెప్పుడో వచ్చి పడి ఉంది ఇంకొకటి,
పొద్దున చూశాను:
"నాకు చదువు రాదు. పక్కింటి పిల్ల టైపు చేస్తోంది. ఫోన్ చెయ్యండి."

ఆంబ్రోస్ హెబుల్‌వైట్. ఎనభై రెండేళ్ళు,
అందులో ముప్పై ఐస్‌లాండ్ నీళ్ళ మీద.
మాటకీ మాటకీ మధ్య
బావిలోంచి చేదినట్టు గాలి తోడుకుంటున్నాడు.
నాలుగు పేజీలూ చదివి వినిపించాను,
నూట అరవైలో పట్టనివన్నీ.

"కాదంటే నా ఇన్‌హేలర్ ఆపేస్తారా?"
"ఆపరు."
"డాక్టరుకి కోపం రాదు గదా?"
"రాదు."

కాసేపు ఊపిరి ఒక్కటే వినిపించింది.
"అయితే వస్తాను.
మంగళవారం మాత్రం కాదు.
మంగళవారం బింగో."